‘పాత కాగితాలు చూపించొద్దు’ అనే సలహా ప్రాణాల మీదికి తెస్తుంది

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో మాటలు మూడు: డాక్టర్ ఇంకో డాక్టర్‌కి రాశారంటే కమీషన్ కోసమే, కొత్త డాక్టర్‌కి పాత కాగితాలు చూపించొద్దు, చూపిస్తే ఆయనా అదే రోగం అంటాడు, పెద్దాసుపత్రికి పంపారంటే చేతులెత్తేసినట్టే. చదివి ఊరుకోలేకపోయాను.

కమీషన్లు లేవని నేను అనను. పేషెంట్‌ని పంపినందుకు డబ్బు ఇవ్వడాన్నీ, తీసుకోవడాన్నీ భారత వైద్య మండలి 2002 నియమావళి నిషేధించింది. కానీ జబ్బు ముదిరినా, అంతుచిక్కకపోయినా మరో డాక్టర్ సలహా తీసుకోవాలని చెప్పేదీ ఆ నియమావళే. అనుమానం ఉంటే ‘ఎందుకు పంపుతున్నారు, అక్కడ ఏం తేలాలి?’ అని అడగండి. వెళ్లడం మాత్రం మానకండి.

అసలు ప్రమాదం రెండో మాటలో ఉంది. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న మనిషి మోకాళ్ల నొప్పికి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ఇంట్లోనే వదిలేస్తే, నొప్పికి మామూలుగా రాసే డైక్లోఫెనాక్ ఆ కిడ్నీలను ఇంకా పాడుచేయొచ్చు. గుండెకు స్టెంట్ పడి, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నామని పళ్ల డాక్టర్‌కి చెప్పకపోతే, పన్ను పీకాక రక్తం ఓ పట్టాన ఆగకపోవచ్చు. అలాగని మాత్రలు సొంతంగా ఆపేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఆ నిర్ణయం డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని తీసుకోవాల్సింది.

పాత రిపోర్టు చూస్తే కొత్త డాక్టర్ ఆలోచన దాని చుట్టూనే తిరుగుతుందన్న భయంలో కొంత నిజముంది. అందుకు ‘ముందు నా బాధ వినండి, తర్వాత ఇవి చూడండి’ అంటే చాలు. వివరాలు సరిగ్గా చేతులు మారితే మేలే జరుగుతుంది. అమెరికా, కెనడాల్లో 9 పిల్లల వైద్య శిక్షణ కేంద్రాల్లో, డ్యూటీ మారేటప్పుడు రోగి వివరాలను ఒక పద్ధతిలో అప్పగించుకునేలా చేస్తే వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో తేలింది. మన నియమావళి కూడా స్పెషలిస్టుకు కేసు వివరాలు రాసివ్వాలనీ, ఆయన తన అభిప్రాయం రాసి పంపాలనీ చెబుతోంది. కానీ అలా పంపేటప్పుడు రాసిచ్చే చాలా చీటీల మీద పేరు, వయసు, ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ తప్ప ఏమీ ఉండదు. అలాంటి చీటీతో బయటికి రావద్దు, వివరాలు అడిగి రాయించుకోండి.

ఇక పెద్దాసుపత్రి మాట. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ చూశాకే. స్కాన్ లేని చోట వెంటనే పంపడమే సరైన వైద్యం. పంపేవాళ్లు అవతలి ఆసుపత్రికి ఫోన్ చేశారో లేదో, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో చీటీలో రాశారో లేదో చూసుకోండి. ఆ టైం తెలియకపోతే అక్కడి డాక్టర్ ఇంజెక్షన్ ఇవ్వలేకపోవచ్చు.