రెండో సర్వర్ కొనొద్దని వ్యాపారులకు విజ్ఞప్తి

శ్రీకాకుళం జిల్లా వ్యాపార ప్రముఖులకు మనవి. గిరాకీ ఎంత పెరిగినా దయచేసి రెండో సర్వర్, అంటే మన సైట్‌ని నడిపే రెండో కంప్యూటర్, జోలికి వెళ్లకండి. వాటికి పని పంచే లోడ్ బ్యాలెన్సర్ పెడదామంటూ ఎవరైనా కుర్రాడు లాప్‌టాప్ పట్టుకుని వస్తే టీ ఇప్పించి పంపేయండి. ఇది మన పరువుకు సంబంధించిన విషయం.

సర్వర్ పడిపోయిందంటే వ్యాపారం బాగుందని ఊరంతా తెలిసినట్టే. దీపావళి ముందు కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారులు ఎదురుపడితే కుశల ప్రశ్నలన్నీ దీని మీదే. "మాది పొద్దుట్నుంచీ లెగనేదు బావూ" అని ఒకాయన గర్వంగా అంటాడు. ఆ సీజన్లో సైట్ నిక్షేపంగా నడుస్తోందని చెప్పుకున్నవాడి పరిస్థితి ఏమిటి? అప్పిచ్చినవాళ్లు ఆ సాయంత్రమే వాకబు మొదలుపెడతారు.

పైగా పడిపోయిన సైట్ గిరాకీని దానంతటదే పెంచుకుంటుంది. పేజీ రాకపోతే కొనేవాడు ఊరుకోడు, రిఫ్రెష్ కొడతాడు. ఒక్క డీలరు పదిమంది డీలర్లవుతాడు. కొన ఊపిరితో ఉన్న సర్వర్ ఆ దెబ్బతో పూర్తిగా పోతుంది. హిట్ల లెక్క చూసి యజమాని మురిసిపోతాడు. ఇంత ఆనందాన్ని చేతులారా ఎవరు చెడగొట్టుకుంటారు?

ఇప్పుడా లోడ్ బ్యాలెన్సర్ అనే శాల్తీ సంగతి చూద్దాం. సర్వర్ల ముందు నిలబడి, సైట్ చూసేవాళ్ల నుంచి వచ్చిన ప్రతి రిక్వెస్టునూ తలా ఒకటి చొప్పున వంతులవారీగా పంపుతుందట. లేదంటే ఎవరి దగ్గర పని తక్కువుందో చూసి వాళ్లకిస్తుందట. అంతటితో ఆగదు. కొన్ని సెకన్లకోసారి ఒక్కో సర్వర్నీ పలకరిస్తుంది. వరసగా రెండు మూడుసార్లు బదులు రాకపోతే దాన్ని చడీచప్పుడు లేకుండా పక్కన పెట్టేస్తుంది. కొనేవాడికి తెలియదు, ఊరికి తెలియదు. పరామర్శకు వెళ్లే అవకాశం కూడా మనకు ఉండదు.

ఇంకో అన్యాయం ఉంది. కొత్త వెర్షన్ పెట్టాలంటే ఒక సర్వర్‌కి కొత్త రిక్వెస్టులు ఆపి, చేతిలో ఉన్నవి పూర్తయ్యాక దాన్ని మార్చి, మళ్లీ వరసలో నిలబెట్టవచ్చు. ఆ తర్వాత రెండోదాని వంతు. పట్టపగలే కానిచ్చేయవచ్చు. మరి అర్ధరాత్రి రెండింటికి లేచి దేవుడికి దండం పెట్టుకుని అప్‌డేట్ చేసే మన సంప్రదాయం ఏమైపోవాలి? డబ్బు ఖర్చని తప్పించుకుందామన్నా కుదరడం లేదు. ఈ బ్యాలెన్సర్ పని చేసే హెచ్‌ఏప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది.

నా మాట పెడచెవిన పెట్టిన పలాస వ్యాపారి ఒకాయన ఉన్నారు. డీలర్లు ఫోన్లోనే గ్రేడు చూసుకుని ఆర్డరు పెట్టుకునే అప్లికేషన్ ఆయనది. 240 గుండు, 320 గుండు, బద్ద, ముక్క అన్నీ అందులో ఉంటాయి. ఆయన రెండు సర్వర్లు తీసుకుని, ఒక కుర్రాడి చేత ముందు బ్యాలెన్సర్ పెట్టించారు. మొదటి రోజే బరంపురం డీలరు 320 గుండు ఇరవై టిన్నులు బుట్టలో వేసుకుని తర్వాతి పేజీకి వెళ్తే బుట్ట ఖాళీ. బుట్ట ఒకటో సర్వర్ మెమరీలో ఉంది, ఆయన నొక్కిన బటన్ రెండోదానికి వెళ్లింది. కుర్రాడు ఆలోచించి ఎవరి సర్వర్‌కి వాళ్లనే అంటగట్టాడు. వారం తిరక్కుండా ఒకటో సర్వర్ కూలి, దాన్ని నమ్ముకున్న బుట్టలన్నిటినీ తనతో తీసుకుపోయింది. బుట్టల్ని రెండు సర్వర్లకీ అందేలా వేరే చోట పెడితే తప్ప గొడవ సద్దుమణగలేదు.

ఆ తర్వాతది పలకరింపు చిక్కు. ఆర్డర్ల లెక్కలన్నీ దాచే డేటాబేస్ ఆగిపోయి ఆర్డర్లు పడటం లేదు, బ్యాలెన్సర్ మాత్రం రెండు సర్వర్లూ ఆరోగ్యంగా ఉన్నాయనే అంటోంది. అది అడుగుతున్నది ఖాళీ పేజీని. పెళ్లిలో ఎదురైన చుట్టాన్ని "బాగున్నారా" అంటే ఇల్లు తాకట్టులో ఉన్నా "బాగున్నాం" అంటాడే, ఇదీ అంతే. డేటాబేస్‌ని కూడా ఓసారి తట్టి చూసి బదులిచ్చే పేజీని అడగాలని కుర్రాడికి అప్పుడు వెలిగింది.

దీపావళి దగ్గరపడేసరికి ఆయన ఉత్సాహంగా సర్వర్లను ఆరు చేశారు. వెనకున్న డేటాబేస్ మాత్రం ఒక్కటే, దాని పేరు పోస్ట్‌గ్రెస్. అది ఎవరూ మార్చకపోతే ఒకేసారి వంద కనెక్షన్లకు మించి ఒప్పుకోదు, అందులోనూ మూడు తన పెద్దల కోసం, అంటే అడ్మిన్ల కోసం, అట్టేపెట్టుకుంటుంది. ఒక్కో సర్వర్ ఇరవై చొప్పున పట్టుకుని కూర్చుంటుంది. ఆరిరవైలు నూట ఇరవై. రెండు సర్వర్లతో కుంటుకుంటూ నడిచిన సైట్ ఆరింటితో బోర్లా పడింది. తెర మీద ఇంగ్లిషులో "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అని వచ్చింది. క్లయింట్లు మరీ ఎక్కువైపోయారని కంప్యూటరే క్షమాపణ చెబుతోందంటే ఇంతకన్నా ఏం కావాలి? ఆయన దాన్ని ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం పక్కన తగిలించారు. కనెక్షన్లను పొదుపుగా పంచే పూలర్ పెట్టి కుర్రాడు సమస్య తీర్చాడు. ఫ్రేము మాత్రం ఇంకా అక్కడే ఉంది.

బ్యాలెన్సరే పోతే ఎలా అన్న ప్రశ్నకు రెండో బ్యాలెన్సర్ కూడా వచ్చింది. మొదటిది పోతే దాని అడ్రసును ఇది అందుకుంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కరెంటు స్తంభాలను, సెల్ టవర్లను ఏం చేసిందో చూసినవాళ్లు కాబట్టి సర్వర్లను షాపు వెనక గదిలో పెట్టలేదు, క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకిచ్చే కంప్యూటర్లలో, వేర్వేరు డేటా సెంటర్లలో ఉంచారు. ఇక్కడ చీకటైనా కోల్‌కతా డీలరు ఆర్డరు పెట్టుకోవచ్చు. (తోటలే నేలకూలితే ఆ ఆర్డరుకి పప్పెక్కడిదని అడక్కండి. దానికి ఏ బ్యాలెన్సరూ లేదు.)

ఇలా అన్నీ రెండేసి అయ్యాక కూడా మొన్న దసరా తర్వాతి మంగళవారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఒక్క ఆర్డరూ ఖాయం కాలేదు. సర్వర్లు ఆరూ పచ్చగా ఉన్నాయి, డేటాబేస్ చల్లగా ఉంది. తీరా చూస్తే ప్రతి ఆర్డరుకీ యజమాని ఫోన్‌కి ఓటీపీ వెళ్తుంది, అది ఆయన స్వయంగా చెప్తేనే సరుకు కదులుతుంది. ఆయనేమో విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవంలో ఉన్నారు. సిరిమాను కోటకీ గుడికీ మధ్య తిరుగుతోంది, చుట్టూ లక్షల జనం, ఫోన్లో సిగ్నల్ లేదు.

రెండో ఫోన్ పెట్టి మేనేజరుకి ఇద్దామని కుర్రాడు భయం భయంగా అన్నాడట. "ఓటీపీ ఇద్దరికీ వచ్చేత్తే మరి ఓనరెవుడ్రా?" అని అడిగారట ఆయన.