లాన్ మూవర్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ లాన్ మూవర్ గారికి,

ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. కుశలమంతా తమ వైపే ఉంది కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

హైదరాబాద్ శివార్లలోని మా గేటెడ్ కమ్యూనిటీలో తమ పాలన దివ్యంగా సాగుతోంది. ఏ గడ్డిపోచా పక్కదాన్ని మించి పెరగదు. ఆదివారం పొద్దున్నే తమరు గర్జిస్తూ బయల్దేరితే గడ్డిచామంతి ఒక్కటి మిగలదు. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ తమ మూలపురుషుణ్ణి తయారుచేసింది బట్టల మిల్లులో గుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసేనట. నేల కనిపిస్తే తమకు గుడ్డలా తోచడం వంశపారంపర్యం, తమ తప్పేం లేదు.

మా అసోసియేషన్ వారికే ఒక దిగులు పట్టుకుంది. బ్రోషర్ నిండా సీతాకోకచిలుకలు, లాన్ మీద ఒక్కటీ లేదు. అందుకని క్లబ్‌హౌస్ గోడకు ప్లాస్టిక్‌వి అంటించారు. వాటికి మేత అక్కర్లేదు.

అసలువాటితోనే పేచీ. రెక్కలొచ్చాక ఏ పువ్వు తేనెతోనైనా సర్దుకుంటాయి గానీ, గొంగళిపురుగుగా ఉన్నన్నాళ్లూ ఎవరి పథ్యం వాళ్లది. ఒకదానికి కరివేపాకు, ఒకదానికి తగిరిస, గోరంత నీలి రెక్కలదానికి పల్లేరు. చాలా జాతుల్లో మగవి ఉప్పు కోసం తడిమట్టి పీలుస్తాయి. పొద్దున ఎండ కాచుకోవడానికి ఓ బండరాయి కావాలి. ఒక్క లాన్‌లో ఇవన్నీ దొరకవు. చుట్టూ పొదలు, రాళ్లు, కుంట గట్టు, బీడు ఉంటేనే పచ్చికలోకి చుట్టాల రాకపోకలు. తమరు, తమ అన్నగారు జేసీబీ కలిసి ఆ చుట్టుపక్కలను కూడా లాన్ చేసేశారు.

జిల్లేడు సంగతే చూడండి. ఆ ఆకు తిని పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుక చేదని పిట్టలకు తెలుసు. గంగపావిలి తిని పెరిగే ఇంకో జాతిలో ఆడది అచ్చం దాని రూపంలో ఉండి పిట్టలను ఏమారుస్తుంది, పక్కా పగటివేషం. పక్క ప్లాటులో జిల్లేడు పీకేస్తే అసలుదే ఉండదు. అసలుదాన్ని ఎరగని పిట్ట వేషాన్ని చూసి ఎందుకు జంకుతుంది?

అలాగని తమరిని షెడ్డులో పెట్టి తాళం వెయ్యమనడం లేదు. బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక జాతిని కాపాడాలని కొన్నిచోట్ల కంచెలు వేసి పశువులను రానివ్వలేదు. మేసేవి లేక గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, వెచ్చటి నేల కోరే ఒక రకం ఎర్రచీమలు తగ్గిపోయాయి. లార్జ్ బ్లూ గొంగళి పెరిగేది ఆ చీమల పుట్టలోనే, వాటి పిల్లల్ని తింటూ. 1979కల్లా అక్కడ ఆ జాతి అంతరించింది. 1983 నుంచి స్వీడన్ సంతతిని తెచ్చి, పశువులను మళ్లీ మేపి నిలబెట్టుకుంటున్నారు. అంటే కోతా కావాలి, మేతా కావాలి, అన్నిచోట్లా ఒకేరోజు ఒకే ఎత్తుకు మాత్రం వద్దు.

కాబట్టి మనవి. వచ్చే ఆదివారం ప్రహరీ పక్కన రెండు గజాల వెడల్పున వదిలెయ్యండి. మరుసటి విడత అది కోసి, ఇంకో పక్క వదలండి. సెక్రటరీ గారు అడిగితే బ్లేడు మొద్దుబారిందని చెప్పండి. కొత్త బ్లేడుకు కొటేషన్లు తెప్పించి, కమిటీలో పెట్టి, ఆమోదం వచ్చేసరికి గొంగళ్లకు రెక్కలొచ్చేస్తాయి.

ఇట్లు,
తమ మోతకు ఆదివారం నిద్ర లేచే
బి-బ్లాకు వాసి