చిల్లర కట్టాలంటే ఇంత తంటానా?

నెట్‌లో ఒక్క వ్యాసం చదవడానికి పావు డాలరు ఇద్దామన్నా కుదరదు. ముందు ఖాతా తెరవాలి, కార్డు వివరాలు నింపాలి, ఓటీపీ కొట్టాలి, ఆపైన వాలెట్‌లో కనీస మొత్తం అంటూ ఎన్నో రెట్లు వేయాలి. మిగిలింది వెనక్కి రాదు. కొన్నిచోట్ల గడువు తీరితే అదీ గల్లంతే.

అసలు చిక్కంతా కార్డు రుసుములో ఉంది. 2.9 శాతం, దానిమీద లావాదేవీకి 30 సెంట్లు అనేది బాగా వాడుకలో ఉన్న లెక్క. అంటే 25 సెంట్ల అమ్మకానికి రుసుమే దాదాపు 31 సెంట్లు! అమ్మినవాడే ఎదురు కట్టాలి. అందుకే అందరూ నెలవారీ చందా అంటగడుతున్నారు.

దారి లేక కాదు. రివెస్ట్, షమీర్ అనే సంకేతలిపి నిపుణులు 1996లోనే పేవర్డ్ అనే చిల్లర చెల్లింపుల పద్ధతి చెప్పారు. కొనేవాడు హ్యాష్‌ల (ఒకదాన్నుంచి మరొకటి లెక్కగట్టే, వెనక్కి తిప్పి కనుక్కోలేని సంకేతాల) గొలుసు తయారుచేసి, దాని మొదలు మీద ఒక్కసారి సంతకం చేస్తాడు. తర్వాత ఒక్కో చెల్లింపుకు ఒక్కో హ్యాష్ బయటపెడతాడు. అమ్మేవాడు రోజు చివర ఆ సంతకంతోపాటు ఆఖరి హ్యాష్‌ను డబ్బు తేల్చే మధ్యవర్తికి పంపితే చాలు, మొత్తం వసూలవుతుంది. చెల్లింపులు వందైనా తేల్చుకునేది ఒక్కసారే. వెబ్ పేజీలు నడిచే నియమావళి హెచ్‌టీటీపీలో, ‘డబ్బు కట్టాలి’ అని చెప్పడానికి కేటాయించిన 402 కోడ్ సంగతి చూడండి: 1997 ప్రమాణంలో ‘భవిష్యత్ వాడకానికి’ అన్నారు, 2022 ప్రమాణంలోనూ అదే మాట!

ఇక మధ్యలో నెట్ తెగిందా, డబ్బు కట్ అవుతుంది, పేజీ తెరుచుకోదు. మళ్లీ నొక్కితే రెండోసారి కట్. ఒక కొనుగోలుకు ఒకే ఐడెంపొటెన్సీ కీ (ఆ కొనుగోలును గుర్తుపట్టే ప్రత్యేక గుర్తు) పెట్టి, మళ్లీ నొక్కినా అదే పంపితే సర్వర్ రెండోసారి వసూలు చేయదు. ఆపాటి పని కూడా చేయరు. చిన్న మొత్తమే కదా అని ఫిర్యాదునూ పక్కన పడేస్తారు.