మడి కట్టుకున్న బార్బేరియన్

మడి కట్టుకునే బామ్మ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మడి ఆవిడది, అవస్థ ఇంటిల్లిపాదిది. ఆవిడ పీట మీద నింపాదిగా కూచుంటుంది, తక్కినవాళ్ళు గోడకి అతుక్కుని నడుస్తారు. పాత్‌ఫైండర్ (పాచికలేస్తూ తలా ఒక పాత్ర పోషించే ఆట, ఇక్కడ దాని మొదటి ఎడిషన్) ఆడే టేబుల్ దగ్గర ఒకాయన తన కోపిష్టి యోధుడి పాత్ర గురించి "నా బార్బేరియన్‌కి మ్యాజిక్ పడదు" అని ప్రకటించిన సాయంత్రం జరిగేదీ సరిగ్గా ఇదే.

ఆట నడిపే గేమ్ మాస్టర్ ముచ్చటపడి అరగంటలో రూల్ రాసేస్తాడు. మంత్రం పట్టిన కత్తి ముట్టడు, పోషన్ తాగడు, స్నేహితులు వేసిన మంత్రమైనా ఒప్పుకోడు. బదులుగా సూపర్‌స్టిషన్ అనే రేజ్ పవర్ ఊరికే ఇచ్చేస్తాడు: రేజ్‌లో (పోరులో పూనే వీరావేశంలో) ఉన్నంతసేపూ మంత్రాల్ని తట్టుకోడానికి వేసే పాచికలకి, అంటే సేవ్‌లకి, +2, ప్రతి నాలుగు లెవెల్స్‌కీ ఇంకో +1. కాగితం మీద తక్కెడ సమంగానే తూగింది. కాగితం మీద గార్గాయిల్ అనే రాతి భూతం లేదు మరి.

గార్గాయిల్‌కి 42 హెచ్‌పీ (ప్రాణం), ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 16, డ్యామేజ్ రిడక్షన్ 10/మ్యాజిక్. అంటే మామూలు కత్తితో కొట్టిన ప్రతి దెబ్బలోనూ పది రాతికే సమర్పయామి. 4వ లెవెల్ వీరుడి స్ట్రెంగ్త్ 18, రేజ్‌లో 22. గ్రేట్‌సోర్డ్ దెబ్బ 2డి6+9 (రెండు మామూలు పాచికల మొత్తానికి 9), సగటున 16. పది పోతే మిగిలేది 6. ఏడు దెబ్బలు తగలాలి. అదే మంత్రం పట్టిన +1 కత్తయితే సగటు 17, పైసా కోత లేదు, మూడు దెబ్బల్లో రాళ్ళకుప్ప. ఈయన బోనస్‌లు పోగా డి20 (ఇరవై ముఖాల పాచిక) మీద 6 గానీ ఆ పైన గానీ పడితే తగులుతుంది కాబట్టి నాలుగింట మూడు తగులుతాయి అనుకున్నా, ఏడు తగిలేసరికి తొమ్మిది పది రౌండ్లు. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14 ఉన్నవాడికి రోజు మొత్తానికి ఉన్న రేజే 12 రౌండ్లు. పవర్ ఎటాక్ (గురి తగ్గించుకుని దెబ్బ పెంచుకునే ఫీట్, అంటే ప్రత్యేక విద్య) ఉంటే కొంత నయం. ఈయన దాని బదులు వేగంగా పరిగెత్తే ఫీట్ తీసుకున్నాడు.

"ఒరేయ్, కత్తి ఒక్కసారి ఇలా ఇవ్వరా, మ్యాజిక్ వెపన్ వేస్తాను. నాలుగు నిమిషాలు +1 ఉంటుంది" అంటాడు జట్టులోని మాంత్రికుడు, విజర్డ్.

"ముట్టుకోకు!"

సరే, విజర్డ్ తన మంత్రాలన్నీ గార్గాయిల్ మీదే ధారపోస్తాడు. ఎనిమిదో రౌండుకి వీరుడు 2 హెచ్‌పీ మీద వేలాడుతుంటాడు. జట్టుకి వైద్యం చేసే పూజారిణి, క్లెరిక్, పరిగెత్తుకొచ్చి క్యూర్ లైట్ వూండ్స్ అనే గాయాలు మాన్పే మంత్రం వేస్తుంది, 1డి8+4 (ఎనిమిది ముఖాల పాచికకి 4). నాలుగు పడింది, మొత్తం ఎనిమిది. అందరూ ఊపిరి పీల్చుకునే లోపల గేమ్ మాస్టర్ గొంతు సవరించుకుంటాడు. రేజ్‌లో ఉన్నావు, మంత్రాన్ని ఎదిరించాలి, విల్ (మనోబలం) సేవ్ వెయ్యి. నెగ్గితే నయమయ్యేది సగమే. విల్ సేవ్ +4, దాటాల్సింది 14. ఓడిపోతే చాలు, నూరేళ్ళు బతుకుతాడు. సాయంత్రం నుంచీ మూళ్ళూ నాలుగులూ తప్ప చూడని డైస్ తాపీగా దొర్లి 17 దగ్గర ఆగుతుంది.

ఎనిమిది కాస్తా నాలుగైంది. 2కి 4 కలిపితే 6. ఎట్టకేలకు గార్గాయిల్ కూలింది, వీరుడు సంతోషంగా రేజ్ దించాడు. రేజ్‌తో పాటు కాన్‌స్టిట్యూషన్ కూడా దిగుతుంది, లెవెల్‌కి రెండు చొప్పున 8 హెచ్‌పీ వెనక్కి పోతాయి. 6 నుంచి 8 పోతే −2. గెలిచిన యుద్ధంలో స్పృహ తప్పి దబ్బున పడ్డాడు.

ఇక్కడే రూల్స్ పుస్తకంలో ఒక చిన్న వాక్యం అక్కరకొస్తుంది: స్పృహలో లేనివాడు ఏ మంత్రానికైనా ఒప్పుకున్నట్టే లెక్క. క్లెరిక్ రెండో మంత్రం వేస్తే సేవ్ లేదు, సగం లేదు, పూర్తిగా నయం. వీరుడు లేచి కూచుని, "మంచి నిద్ర పట్టింది" అన్నాడు.

ఈ చిక్కు కొత్తదేం కాదు. 1985లో వచ్చిన ఏడీ అండ్ డీ (పాత్‌ఫైండర్‌కి తాతలాంటి అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్) పుస్తకం అన్‌అర్త్‌డ్ ఆర్కానాలోని బార్బేరియన్ కూడా మడి మనిషే. మామూలు యోధుడైన ఫైటర్ రెండు వేల ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) దాటగానే రెండో లెవెల్ ఎక్కితే, ఈయనకి 6,000 కావాలి. మ్యాజిక్ వస్తువు పగలగొడితే ఎక్స్‌పీ వస్తుంది. +1 కత్తి అమ్మితే 2,000 గోల్డ్, విరగ్గొడితే 400 ఎక్స్‌పీ. జట్టు సంతకి బయల్దేరితే ఈయన సుత్తితో బయల్దేరతాడు. పైగా సడలింపులు: రెండో లెవెల్‌కి క్లెరిక్‌లతో స్నేహం, మూడుకి పోషన్లు, నాలుగుకి మ్యాజిక్ ఆయుధాలు, అయిదుకి కవచం. ఉపవాసం కాబట్టి రెండు పెసరట్లే అన్నట్టు. కానీ అందులో ఒక్క రూల్ మాత్రం బంగారం: నాలుగో లెవెల్ నుంచి, +1 ఆయుధానికి తప్ప లొంగని జీవుల్ని ఆయన మామూలు ఆయుధంతోనే కొట్టగలడు.

ముందు ఆ రూల్‌ని మన టేబుల్‌కి తెచ్చుకోవాలి. ఈ బార్బేరియన్‌కి కావలసింది ఇంకా సేవ్ బోనస్ కాదు, గార్గాయిల్‌కి తగిలే దెబ్బ. తరవాత, 2015లో పాత్‌ఫైండర్ అన్‌చెయిన్డ్ పుస్తకం ఇచ్చిన ఆటోమాటిక్ బోనస్ పట్టీ (మ్యాజిక్ వస్తువులు లేకుండానే లెవెల్‌తో వచ్చే బోనస్‌లు) ఈయనొక్కడికీ అరువిస్తే చాలు: మూడో లెవెల్‌కి సేవ్‌లు +1, నాలుగుకి ఆయుధం, కవచం చెరో +1, అయిదుకి ఏసీకి డిఫ్లెక్షన్ +1. వైద్యం మాటకొస్తే, హీల్ (వైద్యం) స్కిల్‌కి పాచిక వేసి 20 తెచ్చుకుని గంటసేపు కట్లు కడితే లెవెల్‌కి ఒకటి, అంటే నాలుగు హెచ్‌పీ, అదీ రోజుకి ఒక్కసారి. గంటని పది నిమిషాలు చెయ్యండి, లెవెల్‌కి ఒకటిని రెండు చెయ్యండి, ప్రతి యుద్ధం తరవాతా ఒప్పుకోండి. ఆయన వద్దన్న మంత్రం క్లెరిక్ ఖాతాలో ఖర్చు రాయకండి. మడి కట్టుకున్నవాడి నీళ్ళు వాడే తోడుకోవాలి.

ఇక మిగిలింది డబ్బు. 4వ లెవెల్ మనిషికి 6,000 గోల్డ్ వాటా. మాస్టర్‌వర్క్ (మేలు పనితనం, మ్యాజిక్ కాదు) గ్రేట్‌సోర్డ్ 350, మాస్టర్‌వర్క్ బ్రెస్ట్‌ప్లేట్ 350. మిగతా 5,300తో కొనడానికి అంగట్లో మ్యాజిక్ లేనిది ఏముంది? మూట కట్టి మోస్తుంటాడు. బరువని క్లెరిక్ చేతికిచ్చాడు. ఆవిడ అందులో 750 పెట్టి క్యూర్ లైట్ వూండ్స్ వాండ్ (మంత్రదండం) కొనేసింది. యాభైసార్లు పనిచేస్తుంది. ఆయన నిద్రపోయాక వాడటానికట.