సెడానా, ఎస్‌యూవీనా: ఒక ధర్మసందేహం

బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా బావమరిదికి యాభై లక్షల ధర్మసందేహం వచ్చింది. కొత్త జర్మన్ ఎస్‌యూవీ కొనాలా, అందులో సగం డబ్బుకే వచ్చే ఆరేళ్ళనాటి పెద్ద జర్మన్ సెడాన్ కొనాలా? "నువ్వే తేల్చు బావా" అన్నాడు. నాకున్నది ఒక స్కూటరు. నిష్పక్షపాతంగా తీర్పు చెప్పడానికి అంతకు మించిన అర్హత ఏముంటుంది?

నిజానికి సర్కారు దీన్ని ఏనాడో తేల్చింది. పొడవు నాలుగు మీటర్లు, ఇంజను 1500 సీసీ దాటి, నేలకీ బండి పొట్టకీ మధ్య 170 మిల్లీమీటర్ల జాగా ఉంటే ఎస్‌యూవీ. జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం. అంతకంటే వంగి నడిచే సెడాన్‌కి 48. వినయానికి రెండు శాతం రాయితీ అన్నమాట. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ 40 శాతమే. వినయానికి ఆ మర్యాద కూడా పోయింది.

ఇక కర్ణాటకలో ఇరవై లక్షలు దాటిన కొత్త కారుకి జీవితకాల పన్ను 18 శాతం, దానిమీద మళ్ళీ సెస్సు. యాభై లక్షల బండికి పన్నే తొమ్మిది లక్షలు. పాత బండి అయితే అదంతా మొదటి ఓనరే కట్టేసి ఉంటాడు. అలాంటి మహానుభావుడికి, బతికున్నా సరే, ఏటా తద్దినం పెట్టాలి. అన్నట్టు ఆ మొదటి ఓనరు ఎప్పుడూ డాక్టరే. "సింగిల్ ఓనర్ సార్, డాక్టర్ గారి బండి, ఆదివారాలే తీసేవారు" అంటాడు ఏ బ్రోకరైనా. ఈ ఊళ్ళో డాక్టర్లు అమ్మిన కార్ల లెక్క నిజమైతే రోగికి ఇద్దరు చొప్పున డాక్టర్లు ఉండాలి.

సెడాన్‌ని టెస్ట్ డ్రైవ్‌కి తీశాం. స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లని, రోడ్లకి కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. మా వీధి హంపు కట్టినవాడికి ఆ పుస్తకం అందలేదు. రాత్రికి రాత్రి వేసిన ఆ కట్ట దగ్గరికి రాగానే బావమరిది కారాపి, "ఒక్క నిమిషం దిగండి" అన్నాడు. నేను, మా ఆవిడ, మామగారు, అత్తగారు దిగి హంపు పక్కన నిలబడ్డాం. ఖాళీ బండి ఐమూలగా, నిండు గర్భిణిలా దాటింది. అయినా కింద 'గర్ర్' అంది. మళ్ళీ ఎక్కాం. ముప్పై అడుగుల్లో ఇంకో హంపు.

మామగారిది మదనపల్లె. ఎక్కడమంటే ఆయనకి, ముందు టాప్ పట్టుకుని నడుము లోపల పడేసి, తర్వాత కాళ్ళని ఒక్కొక్కటే చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవడం. మూడోసారికి అడిగేశారు. "ఏమిరా అబ్బయా, ఇది ఎక్కే కారా, దిగే కారా?"

ఎస్‌యూవీ అయితే నీళ్ళలో కూడా పోతుందని బావమరిది వాదన. 2022 సెప్టెంబరు వానలకి యెమలూరు, బెళ్ళందూరు వైపు జనం ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. మునిగిన కార్లలో సెడాన్లూ ఉన్నాయి, ఎస్‌యూవీలూ ఉన్నాయి. ఈ ఊరికి సరిపడ్డ ఎస్‌యూవీ ట్రాక్టరే. కానీ దానికి సన్‌రూఫ్ ఉండదట, మా మరదలు ఒప్పుకోదు. నిజానికి ట్రాక్టరంతా సన్‌రూఫే.

నా తీర్పు సెడాన్‌కే. ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దగ్గర బండి ఎలాగూ నడవదు. నడవని బండికి ఇంజనెందుకు, ఎత్తెందుకు? వెనక సీటు మెత్తగా ఉంటే చాలు. పైగా పాతది కొంటే మిగిలే పాతిక లక్షలు దాని రిపేర్లకే దాచుకోవచ్చు.

తీర్పు విని అందరూ తలలూపి, ఎస్‌యూవీ కొన్నారు.

మొదటి ప్రయాణం మదనపల్లెకి. తిరిగొచ్చేటప్పుడు డిక్కీ నిండా టమాటా ట్రేలు, వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళు. నేనూ మామగారూ బస్సుకి వస్తామన్నాం. డ్రైవరు పక్క సీట్లో పాతిక కిలోల సోనామసూరి బస్తా. బండి కదిలిన క్షణం నుంచీ టింగు టింగుమని గోల. బావమరిది గుమ్మం ముందే ఆపి మాన్యువల్ తిరగేశాడు, స్క్రీను మీద ఏవేవో నొక్కాడు. సాగనంపుతున్న మామగారే కిటికీలోంచి వంగి, బెల్టు లాగి బస్తాకి పెట్టారు. కారు నోరు మూసుకుంది.