12 బై 8 సైజు మంచితనం

మంచి మనిషి అంటే ఎవరో తేల్చుకోవడానికి మన వరంగల్‌లో ఇప్పుడు బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఎండాకాలం హన్మకొండ చౌరస్తాలో నిలబడి తలెత్తితే చాలు. ఎవరి మొహం ఎంత పెద్దదైతే ఆయన అంత మంచివాడు. ఫ్లెక్సీ లేనివాడి గుణగణాల మీద మాత్రం విచారణ జరగాల్సిందే.

మా కాలనీ మూలమీద కూడా ఓ చలివేంద్రం వెలిసింది. నాలుగు వెదురు బొంగులు, తడి ఇసుక, దాని మీద ఎర్రగుడ్డ చుట్టిన మూడు రంజన్లు. ఇవన్నీ 12 బై 8 ఫ్లెక్సీ వెనకాల ఉంటాయి, ఓపికుంటే వెతుక్కోవాలి. ముందర అన్న చేతులు జోడించి నవ్వుతుంటాడు. చుట్టూ పాస్‌పోర్టు సైజు తమ్ముళ్ళు. స్టీలు గ్లాసుకు గొలుసు వేసి బొంగుకు కట్టేశారు. జనం మంచితనం మీద అన్నకున్న నమ్మకం అది.

ప్రారంభోత్సవం చూడని కళ్ళు వృథా. పదింటికి వస్తానన్న అన్న పన్నెండున్నరకు దిగాడు. దాహంగా ఉన్న మనిషి కావాలన్నారు. అటుగా పోతున్న ఆటోను ఆపి డ్రైవర్‌ను దింపారు. ఒక్క గ్లాసు మీద పది చేతులు పడ్డాయి. అతను తాగబోతుంటే "ఆగు ఆగు, ఫోటో రాలే" అన్నారు. మళ్ళీ నింపారు. "అటు కాదు, అన్న దిక్కు చూసుకుంట తాగు." మళ్ళీ నింపారు. ఈసారి ఎవరి మోచెయ్యో అన్న మొహానికి అడ్డమొచ్చింది. ఇంకో గ్లాసు. ఆటోలో ఉన్నవాళ్ళు దిగి వేరే బండి ఎక్కి పోయారు. పాపం, ఆ డ్రైవర్ పొట్ట పట్టుకుని ఆటో ఎక్కాడు.

దాతల పేర్లు వేసుకోవడం పాత ఆచారమే కదా అంటారు. అవును, 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి దగ్గర శాసనం వేయించాడు. గుడి కట్టించి, చెరువు తవ్వించి మరీ వేయించాడు. ఆ చెరువు కింద ఇవాళ్టికీ నాట్లు పడుతున్నాయి. మన అన్న శాసనం ముందేశాడు. చెరువు సంగతి తర్వాత చూస్తాడు.

వారం తిరక్కముందే రంజన్లు ఎండాయి. మిట్టమధ్యాహ్నం రోడ్లు ఊడ్చే అక్క ఒకామె వచ్చి ఒక్కో రంజన్ వంచి చూసింది. చుక్క లేదు. ఎదురింటి గేటు కొట్టింది. ఫ్లెక్సీలో రెండో వరస తమ్ముడిదే ఆ ఇల్లు. చెంబుతో నీళ్ళు తెచ్చాడు, చేతికివ్వలేదు. ఆమె వంగి దోసిలి పడితే పైనుంచి పోశాడు. తెల్లారకముందే లేచి నీ ఇంటి ముందు చెత్త ఎత్తే మనిషికి గ్లాసు ఇస్తే నీ ఇల్లు మైలపడుతుందా? ఆ నీళ్ళు సగం నేలపాలయ్యాయి, ఆమె ఏమీ అనలేదు. అనాల్సింది మనం. ఆ వీధిలో ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ నోరు లేవలేదు. థూ!

ఫ్లెక్సీ మీద నంబర్ ఉంటే ఫోన్ చేశాను. "తమ్మీ, రంజన్లల్ల నీళ్ళు లెవ్వు."

"నీళ్ళా? ఆ ప్రోగ్రాం అయిపోయింది గదన్నా. ఇప్పుడు మజ్జిగ నడుస్తుంది."

"మజ్జిగ ఎక్కడ?"

"ఫ్లెక్సీ ప్రింటింగుల ఉన్నదన్నా, రాంగనే చెప్త."