తుప్పు పట్టని జిల్లా తరఫున ఒక విన్నపం

అనంతపురం జిల్లాకు ప్రకృతి ఏమీ ఇవ్వలేదని ఏడ్చేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇనుముకు తుప్పు పట్టాలంటే రెండు కావాలి: గాలి, నీళ్ళు. గాలి మనకు దండిగా ఉంది. ఆషాఢంలో అయితే మన ఇంటి రేకులు పక్కింటికి కాపురం పోయేంత ఉంది. రెండోదే లేదు. ఏడాది పొడుగునా కూడబెడితే 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ చిల్లర వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత మనమేనని బడిలో అయ్యవార్లు చెబుతుంటే తల దించుకునేవాళ్ళం. ఎందుకు దించుకోవాలి? సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి పొడిపొడిగా రాలిపోయే స్టీలు సైకిలు మన పాతూరు సందులో నలభై ఏళ్ళు గోడకు ఆనుకొని నిలబడినా, దుమ్ము తప్ప ఏమీ అంటదు. మనం కరువు అని పేరు పెట్టుకున్నది నిజానికి ఒక గిడ్డంగి.

కాబట్టి ప్రభుత్వం వెంటనే అనంతపురాన్ని పాత స్టీలు రేసింగ్ సైకిళ్ళ సంరక్షణ మండలంగా ప్రకటించాలి. హంద్రీ-నీవా కాలువలో నీళ్ళు మరీ పుష్కలంగా పారడం మొదలైతే ఈ అవకాశం చేజారిపోతుంది గనుక కాస్త తొందరపడితే మంచిది.

ఈ మాట చెప్పడానికి నీకేం అర్హత అంటారేమో. పోయినేడు నేనూ ఒక సైకిలును పునరుద్ధరించాను. అప్పటినుంచి మా ఇంట్లో నాతో ఎక్కువ మాట్లాడటం లేదు.

మా శాఖలో లేనివాళ్ళకు ముందుగా గోత్రం సంగతి చెప్పాలి. ఇద్దరు స్టీలు సైకిలు భక్తులు ఎదురుపడితే క్షేమసమాచారాలు ఉండవు. "ఏ గొట్టం?" అని అడుగుతారు, అంటే ఫ్రేము ఏ ఉక్కు గొట్టంతో చేశారని. జవాబు "531" అయితే కూర్చోమంటారు. బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ వాళ్ళు 1935లో తెచ్చిన మాంగనీస్, మాలిబ్డినం కలిపిన ఉక్కు అది. గొట్టం రెండు చివర్లా మందంగా, నడుమ పల్చగా ఉంటుంది. వేలితో కొడితే గుడిగంటలాగా మోగుతుందని మా నమ్మకం. ఉక్కు ఏదైనా వంగే బిగువు సుమారు 200 గిగాపాస్కల్సే, అది పాలవాడి సైకిలు గొట్టమైనా సరే, 531 గొప్పతనమంతా బలంలో ఉంది, బలం ఉంది కాబట్టే పల్చగా లాగగలిగారు, అని ఇంజనీరింగ్ చదివిన మా బావమరిది ఒకసారి భోజనాల దగ్గర అన్నాడు. అతణ్ణి మళ్ళీ భోజనానికి పిలవలేదు.

ఈ గోత్రానికి ధ్రువపత్రం ఏమిటంటే, గొట్టం మీద ఒక స్టిక్కరు. ఆ స్టిక్కర్లు విడిగా కూడా అమ్ముతారు. వంశవృక్షం షీటు రూపంలో దొరుకుతున్నప్పుడు వంశం మీద అనుమానం రావడం సహజమే గనుక, పెద్దలు ఇంకో పరీక్ష పెట్టారు. సీటు కింద పోస్టు పీకి కొలవాలి. 27.2 మిల్లీమీటర్లు పట్టిందా, గొట్టం గోడ పల్చన, కులీనుడు. తక్కువ పట్టిందా, మిగతా కథ మర్యాదగా దాటవేయాలి.

నా సైకిలు బెంగళూరులో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర తొమ్మిది వేలకు కొన్నాను. ఇంగ్లండులో పుట్టిన రేసింగ్ సైకిలు. కానీ ఆయన దాన్ని ఏం చేసి పెట్టాడో చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలును తిరగేసి, నడుము వంచకుండా పట్టుకునేట్టు బిగించాడు. వెనక క్యారియరు. ముందూ వెనకా మడ్‌గార్డులు. డైనమో. చైను కవరు. అన్నిటికీ మించి, రెండు కాళ్ళ స్టాండు ఒకటి, ఆకుపచ్చ ఎనామిల్ పూసింది. ఎడమ కాలికి బుడిపె పోతే చెప్పు అట్ట ముక్క కోసి తొడిగాడు. ముప్పై ఏళ్ళు దీని మీదే ఫ్యాక్టరీకి పోయి వచ్చాడట. తాళం చెవి చేతిలో పెడుతూ, "స్టాండు జాగ్రత్తప్పా, బాగా గట్టిది" అన్నాడు. ఒక జాతి గుర్రానికి ముప్పై ఏళ్ళపాటు బండి కట్టిన మనిషి, కాడిమాను గురించి జాగ్రత్తలు చెబుతున్నాడు. నేను మౌనంగా డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను.

అక్కడినుంచి పాతూరు. మా మెకానిక్ అన్న దుకాణం బల్ల బద్దల కింద, వేపచెట్టు నీడలో ఉంటుంది. ఆయన పరిభాషలో సైకిలుకు జరిగే సమస్త వైద్యానికీ ఒకటే పేరు: ఓవరాయిలింగు. ఇంగ్లీషువాడు ఏదో ఓవర్‌హాల్ అన్నాడు, మనవాళ్ళు అందులోకి నూనె పోశారు. నిజం చెప్పాలంటే మన మాటే కరెక్టు. విప్పడం, కిరసనాయిల్లో కడగడం, గ్రీజు కూరి గోళీలు పేర్చడం, బిగించడం. నడుమ బీబీలో, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే గూట్లో, అటు పదకొండు, ఇటు పదకొండు పావు అంగుళం గోళీలు. ఈ పనికి ఆయన అడిగింది మూడు వందల యాభై. నాకు అవమానంగా తోచింది. ఇంత తక్కువ డబ్బులతో అయ్యేది పునరుద్ధరణ ఎట్లా అవుతుంది?

అందుకని బీబీ కప్పు నేనే విప్పుతానని కూర్చున్నాను. నాలుగు వీడియోలు చూసి ఉన్నాను. అరగంట బలమంతా పెట్టి తిప్పాను. ఆయన పక్కన పాలపిల్లాడి ట్యూబుకు ప్యాచీ వేస్తూ, బీడీ ఆర్పి, నెమ్మదిగా అన్నాడు:

"సార్, ఆ పక్క ఉల్టా థ్రెడ్డు. మీరు పొద్దున్నుంచి బిగిస్తాండారు."

ఇంగ్లీషు సైకిళ్ళకు చైను వైపు కప్పు ఎడమ మరే. తొక్కే కొద్దీ వదులైపోకుండా పెట్టారు. నాకు తెలియక కాదు, పరీక్షిస్తున్నాను.

ఇక సీటు పోస్టు. అల్యూమినియం పోస్టు, ఉక్కు గొట్టం, మధ్యలో ముప్పై ఏళ్ళ బెంగళూరు వాన. రెండు లోహాలూ కలిసి ఒకటైపోయాయి. మంచి కాపురాల్లో కూడా అంత ఐక్యత చూడలేదు. వారంపాటు సందులో నూనె పోశాం. చివరికి ఆయన పోస్టు తలను బెంచీ వైసులో బిగించి, సైకిలు ఫ్రేమునే పట్టుకొని రాట్నం తిప్పినట్టు తిప్పాడు. మొదట ఏమీ లేదు. తర్వాత పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక్క మూలుగు, వెనకే గొట్టంలోంచి తెల్లటి పొడి జల్లున రాలింది. పోస్టు బయటికొచ్చింది. వెర్నియర్ పెట్టి కొలిచాను. 26.4.

చుట్టూ చూశాను. పాలపిల్లాడు తప్ప ఎవరూ లేరు. వాడికి గోత్రాల పట్టింపు లేదు.

ఇప్పుడు ఉన్నతీకరణ. దీని శాస్త్రం అర్థం కావాలంటే సన్యాసి గోచి కథ గుర్తు చేసుకోవాలి. గోచిని ఎలుక కొరికిందని పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు, ఆవును చూసుకోను పెళ్ళాం. నేను మొదట మార్చాలనుకున్నది చక్రాలు మాత్రమే. పాతవి 27 అంగుళాలవి, అంటే టైరు కూర్చునే చోట 630 మిల్లీమీటర్లు. ఇప్పటి లోకమంతా 700సి, అంటే 622. మన హెర్క్యులెస్, అట్లాస్ నల్ల సైకిళ్ళవి 28 అంగుళాలు, అవి 635. ఈ 700సి టైరు మీద కూడా ఒక్కోసారి 28 అని రాసి ఉంటుంది, ఇది దానికి పట్టదు. మన రెవెన్యూ రికార్డులో ఒకే సర్వే నంబరు మీద ముగ్గురికి పాసుబుక్కులు ఉన్నట్టన్నమాట. సరే, 700సి తెప్పించాను. వాటి వెనక హబ్బు 130 మిల్లీమీటర్ల వెడల్పు, నా ఫ్రేములో వెనక చక్రం కూర్చునే సందు 126. రిమ్ము నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగింది, బ్రేకు అందదు. "లబ్బరు కట్టె కిందికి జరిపితే సరిపాయె కద సార్" అన్నాడు అన్న. నేను పొడుగు చేతుల బ్రేకులు తెప్పించాను. బ్రేకులకు లీవర్లు, లీవర్లకు హ్యాండిలు, హ్యాండిలుకు తోలు చుట్టు, దానికి ఈడైన తోలు సీటు. ఆవు దాకా వచ్చాను. పెళ్ళాం ముందునుంచే ఉంది కాబట్టి, ఆ ఖర్చు మిగిలింది అనుకోవడానికి లేదు, బిల్లులన్నీ చూసింది ఆమే.

ఫ్రేము వెడల్పు చేసిన తీరు మాత్రం చెప్పాలి. కార్బను, అల్యూమినియం అయితే విరుగుతుంది. ఉక్కు మాట వింటుంది. దీని మీద షెల్డన్ బ్రౌన్ అనే అమెరికా మెకానిక్, 2008లో కాలం చేశాడు, రాసి పెట్టిపోయినవి మాకు శాసనాలు. నేను వాటిని గట్టిగా చదివి వినిపిస్తుండగానే, అన్న ఒక కంప కట్టె సందులో దూర్చి, మోకాలు ఆనించి, ఒక పక్క ఒత్తాడు. ఉక్కు వెనక్కి లాక్కుంటుంది గనుక కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువే ఒత్తాలి. రెండో పక్క ఇంకోసారి. తర్వాత టైలరు దారం ఒకటి తెచ్చి, వెనక చక్రం గూట్లోంచి ముందు మెడ గొట్టం చుట్టూ తిప్పి రెండో గూటికి లాగి కట్టాడు. దారానికీ సీటు గొట్టానికీ మధ్య సందు ఇటు ఎంతో అటూ అంతే ఉండాలి. స్కేలు పెట్టి చూశాను. వెంట్రుక తేడా లేదు. శాసనం నేను మూడో పేరాలో ఉన్నాను.

పీకేసినవన్నీ, అంటే క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు, డైనమో, చైను కవరు, ఒక గోతాంలో వేసి కూలి కింద ఆయనకే ఇచ్చేశాను. నలభై రెండు వేలు ఖర్చుపెట్టి, ఒక సైకిలుతో చేయగలిగిన పనులన్నీ దాన్నుంచి తొలగించాను. దీన్నే అసలు రూపం అంటారు. గ్యాసు బండ తేలేదు, బియ్యం మూట మోయలేదు, పిల్లను ఎక్కించుకోలేదు, వాన పడితే వీపంతా బురద. వాన సంగతి ఎట్లాగూ మనకు లేదనుకోండి.

సన్నటి 23 మిల్లీమీటర్ల టైర్లకు గట్టిగా గాలి కొట్టించి మొదటివారం బయటికి తీస్తే పల్లేరు కాయలు ఆరుసార్లు దించాయి. ఆరోసారి ట్యూబు నీళ్ళ టబ్బులో ముంచుతూ అన్న, "ఈ టైరు పల్లేరుకాయలకు పరిచిన ఇస్తరాకు సార్" అన్నాడు. ఇటలీలో గయోలే అనే ఊళ్ళో 1997 నుంచి ఎరోయికా అని ఒక ఉత్సవం చేస్తారు. 1987కు ముందు నాటి సైకిళ్ళు, గేరు మీటలు కింది గొట్టం మీదే ఉండాలి, బ్రేకు వైర్లు గాల్లో కనిపించాలి, తెల్ల మట్టి రోడ్ల మీద తొక్కాలి. ఆ మట్టి రోడ్లను తారు పోయకుండా కాపాడాలన్నది కూడా వాళ్ళ ఉద్యమమే. ఈ విషయంలో మన మండలాల్లో కొన్ని రోడ్లు ఎప్పటినుంచో ఉద్యమంలోనే ఉన్నాయి. పల్లేరు కాయలను పోటీలో భాగంగా గుర్తించమని కూడా నా విన్నపంలో చేరుస్తున్నాను.

మొన్న ఆదివారం తెల్లారుజామున రాప్తాడు వైపు బయలుదేరాను. ఎదురుగాలి. పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి 42 పళ్ళు, గాలికి నాలుగు వందలున్నట్టుంది. చెమటలు కక్కుకుంటూ ఒక ఉగ్గాని బండి దగ్గర ఆగాను. సైకిలు ఆనించడానికి చూస్తే ఒకటే గోడ, మొరటు బండరాళ్ళది. కొత్త ఎనామిల్ గీసుకుపోతుంది. కరెంటు స్తంభానికి ముళ్ళకంప కట్టారు. సరే, తుంటికి ఆనించుకొని నిలబడ్డాను. ఉగ్గాని తినాలంటే రెండు చేతులు కావాలి, ఒకటి ప్లేటుకు, ఒకటి వేళ్ళకు. బజ్జీ కొరికేటప్పుడల్లా హ్యాండిలు తిరిగి పక్కాయన పంచెకు తగులుతోంది.

అంతలో పశువుల మేత మోపు వేసుకొని ఒక పెద్దాయన వచ్చాడు. నల్ల సైకిలు. దిగి, కాలితో స్టాండు వేసి, వెనక్కి లాగాడు. టక్కున నిలబడింది. మోపు దించకుండానే బారు మీద పక్కకు ఒరిగి కూర్చొని ప్లేటు అందుకున్నాడు. ఆకుపచ్చ స్టాండు. ఎడమ కాలికి చెప్పు అట్ట ముక్క.

నా అవస్థ చూసి ఆయనకే జాలేసింది. ప్లేటు క్యారియరు మీద పెట్టి లేచి వచ్చాడు.

"ఇట్లియ్యి సామీ, నువ్వు తినేదాకా నేను పట్టుకుంటా."

బారు కింద రెండు వేళ్ళు పెట్టి సైకిలును పైకెత్తాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పక్షి మాదిరి ఉండాదే. ఏం పోయినాయి దీంట్లో?"

నోట్లో బజ్జీ ఉంది. చెప్పలేకపోయాను.